మన పిల్లల పక్కన ఎవరు కూర్చుంటున్నారు?

జూన్ నెల దగ్గర పడితే చాలు, ప్రతి ఇంట్లోనూ బడి మాటే. ఏ బడిలో వేయాలి, ఫీజెంత, బస్సు మన వీధిదాకా వస్తుందా, ఇంగ్లీషు ఎలా చెబుతారు, పదో తరగతిలో మార్కులు ఎలా వస్తున్నాయి? తల్లిదండ్రులు అడగవలసిన ప్రశ్నలే ఇవన్నీ. వీటితోపాటు మరొక ప్రశ్న కూడా ఉంటుంది. దాన్ని పైకి ఎవరూ అడగరు. అడగకుండానే దానికి జవాబు వెతుక్కుంటారు. ఈ బడిలో మావాడి పక్కన ఎవరి పిల్లలు కూర్చుంటారు?

ఆరు నెలలు సావాసం చేస్తే వారు వీరవుతారని పెద్దల మాట. కాబట్టి పిల్లల సావాసం గురించి ఆలోచించడం తల్లిదండ్రుల బాధ్యతే. అందులో తప్పు లేదు. అయితే మంచి సావాసం అన్న మాటకు మనం ఏ అర్థం చెప్పుకుంటున్నాం? అబద్ధమాడని పిల్లవాడి సావాసమా, కారులో దిగే పిల్లవాడి సావాసమా? ఈ రెంటినీ మనకు తెలియకుండానే ఒకటి చేసేస్తున్నాం. ఒక బడిలో ఏయే ఇళ్ల పిల్లలు కలిసి చదువుతున్నారన్నది చూడడానికి ప్రభుత్వ లెక్కల వ్యవహారంలా ఉంటుంది. నిజానికి అది ధర్మానికి సంబంధించిన ప్రశ్న. ఈ వారం దాన్ని కాస్త నిదానంగా ఆలోచిద్దాం.

లెక్కపెట్టడం తప్పా?

ముందుగా ఒక అభ్యంతరం వస్తుంది. పిల్లలందరూ దేవుని బిడ్డలే కదా, వారిని కులమనీ మతమనీ గళ్లు గీసి లెక్కపెట్టడమే తప్పు అని కొందరు మంచి మనసుతోనే అంటారు. ఈ రోజుల్లో ప్రతి బడీ ఏటా యూడైస్ పట్టిక నింపుతుంది. అందులో మగపిల్లలెందరు, ఆడపిల్లలెందరు, ఎస్సీలు, ఎస్టీలు, బీసీలు ఎందరు, వికలాంగులైన పిల్లలెందరు అన్న గళ్లన్నీ ఉంటాయి. పంతుళ్లకు అదొక విసుగు పని.

ఈ లెక్క మన సీమలో నిన్న మొన్న మొదలైంది కాదు. 1822 జూన్‌లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో, రాజధానిలో వీధిబడులెన్ని, వాటిలో చదివేవారు ఏ కులాలవారు అన్నది జిల్లాల వారీగా లెక్క తీసి పంపమన్నాడు. పట్టికలో బ్రాహ్మణులు, వైశ్యులు, శూద్రులు, ఇతర కులాలవారు, ముస్లిములు అని గళ్లు గీశారు. మగపిల్లలను, ఆడపిల్లలను విడివిడిగా రాయమన్నారు. దత్తమండలాల్లో ఒకటైన బళ్లారి జిల్లా కలెక్టరు ఎ.డి. క్యాంబెల్ 1823 ఆగస్టులో జవాబు పంపాడు. తెలుగు వ్యాకరణం, నిఘంటువు రాసిన క్యాంబెల్ దొర ఆయనే. ఆ జిల్లా మొత్తంమీద 533 బడులు, 6,641 మంది విద్యార్థులు. అందులో ఆడపిల్లలు 60 మంది. జిల్లా జనాభా తొమ్మిది లక్షల పైచిలుకు.

ఆ 60 అనే అంకెను ఒక్క నిమిషం చూడండి. అప్పటి పెద్దలను అడిగితే, మా ఊళ్లో బడి ఉంది, చదువు బాగానే సాగుతోంది అని చెప్పి ఉండేవారు. వారు అబద్ధమాడినట్లూ కాదు. బడికి వచ్చినవారు కళ్లకు కనిపిస్తారు. రానివారు కనిపించరు. లెక్క రాస్తేనే రానివారు కనిపిస్తారు. ఆ పట్టికలో అంటరానివారని వెలివేసిన జనానికి విడిగా ఒక గడి కూడా లేదన్న సంగతి కూడా గమనించండి. గడి లేకపోతే వారు రాలేదన్న మాటైనా ఎవరికీ తెలియదు.

తప్పిపోయిన గొర్రె కథ మనకందరికీ తెలుసు. తొంభైతొమ్మిదింటిని విడిచి ఒక్కదానికోసం వెళ్లిన కాపరి ప్రేమను గురించి ఎన్నో ప్రసంగాలు విన్నాం. అయితే ఆ కాపరికి ఒకటి తప్పిందని ఎలా తెలిసింది? సాయంత్రం లెక్కపెట్టాడు గనక తెలిసింది. సంతలో అమ్ముకునేవాడూ గొర్రెలను లెక్కపెడతాడు, వెతకబోయేవాడూ లెక్కపెడతాడు. లెక్క ఒకటే, ఉద్దేశం వేరు. పిల్లలను గళ్లలో రాయడం తప్పా ఒప్పా అన్నది, రాసిన తర్వాత మనం ఏం చేస్తామన్నదాన్ని బట్టి తేలుతుంది.

ఈ గళ్ల సంగతి మన విచారణల్లోని చాలా కుటుంబాలకు పుస్తకం చదివి తెలుసుకోవలసిన పని లేదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల క్రైస్తవుడైన దళితుడు షెడ్యూల్డు కులాల జాబితాకు వెలుపల ఉండిపోయాడు. మన రాష్ట్రంలో అతనిని బీసీ-సీగా గుర్తించి 1 శాతం రిజర్వేషను ఇచ్చారు. బడిలో చేర్పించేటప్పుడు బిడ్డ పేరు ఎదుట ఏం రాయించాలా అని తడబడిన తండ్రులు మనలో ఎందరో ఉన్నారు. ఊరిబడి గుమ్మం బయట నిలబడి పాఠం విన్న తాతల మనవలం మనలో చాలామందిమి. బడిలో ఎవరున్నారు, ఎవరు లేరు అన్న ప్రశ్నను అడిగే హక్కు మనకంటే ఎక్కువ ఎవరికుంటుంది?

పలకలు చేసిన చేతులు

మార్కాపురం అనగానే తెలుగువారికి పలక గుర్తుకొస్తుంది. తరాల తరబడి మన పిల్లలు ఓనమాలు దిద్దిన పలకల్లో ఎన్నో ఈ నేలలో తవ్విన రాయే. ఆ రాతిని గనిలోంచి తీసి, పొరలుగా చీల్చి, కోసి, నునుపు చేసి, చెక్క చట్రం బిగించి బజారుకు పంపేవారు. ఆ పనుల్లో ఒకప్పుడు పిల్లలు కూడా ఉండేవారు. ఎక్కడో ఒక పాప తొలి అక్షరం రాసుకునే పలకను, అక్షరం రాని మరో పాప ఇక్కడ తయారుచేసేది.

1986లో బాలకార్మిక చట్టం వచ్చింది. 1987లో కేంద్రం జాతీయ బాలకార్మిక విధానాన్ని ప్రకటించింది. 1988లో జాతీయ బాలకార్మిక ప్రాజెక్టు మొదలైనప్పుడు, దేశంలో పిల్లలు ఎక్కువగా పనిచేస్తున్న పరిశ్రమలను ఎంచి తొలి జాబితా వేశారు. శివకాశి అగ్గిపెట్టెలు, ఫిరోజాబాదు గాజు, మొరాదాబాదు ఇత్తడి, మీర్జాపూరు తివాచీలు ఉన్న ఆ జాబితాలో మన రాష్ట్రం నుంచి జగ్గంపేట పెంకుల పరిశ్రమ, మార్కాపురం పలకల పరిశ్రమ కూడా ఉన్నాయి. మనం గర్వంగా చెప్పుకునే పలక, మనం తల దించుకోవలసిన జాబితాలో కూడా చేరింది.

ఆ ప్రాజెక్టు కింద ప్రత్యేక పాఠశాలలు తెరిచారు. ఒక్కోదానిలో ఏభై మంది దాకా పిల్లలు. చదువుతోపాటు మధ్యాహ్న భోజనం, నెలకు కొద్దిపాటి భృతి, వైద్య పరీక్ష, ఏదో ఒక చేతిపని నేర్పడం ఉండేవి. కూలి మానిన పిల్లవాడి ఇంట్లో ఆ కూలి డబ్బు లోటు కనిపిస్తుంది కనుకనే ఆ భృతి. చదువు కొంత పట్టుబడ్డాక అతన్ని మామూలు బడిలో తగిన తరగతిలో చేర్చాలి. ఆ ప్రత్యేక పాఠశాలల పథకాన్ని 2021 ఏప్రిల్ నుంచి సమగ్ర శిక్షలో కలిపేశారు.

అటువంటి బడిలో ఎవరు కూర్చున్నారో ఊహించండి. తొమ్మిదేళ్లవాడూ పదమూడేళ్ల పిల్లా ఒకే పాఠం ముందు కూర్చుంటారు. అక్కడ వయసు ఒకటి కాదు, చదువు ఒకటి కాదు. అందరినీ ఒక్కచోట చేర్చింది ఒక్కటే, చిన్నతనంలో చేసిన కూలి. పేదరికమే అక్కడ ప్రవేశానికి అర్హత. గని యజమాని కొడుకూ, గుమాస్తా కూతురూ అక్కడికి రారు. రావడానికి నియమమూ ఒప్పుకోదు. అంటే ప్రభుత్వమే పూనుకొని ఒకే రకం పిల్లలతో ఒక బడి పెట్టింది. ఇది న్యాయమేనా?

గురువిద్యాలయంలో తత్వశాస్త్రం చదివేవారికి అరిస్టాటిలు మొదట్లోనే ఎదురవుతాడు. పంచిపెట్టడంలో న్యాయమంటే అందరికీ ఒకే కొలత పోయడం కాదని, ఎవరి స్థితికి తగినంత వారికి ఇవ్వడమని ఆయన వాదన. పునీత తోమాసు అక్వినాసు ఆ వాదనను తీసుకొని, ఉమ్మడి మేలును దృష్టిలో ఉంచుకుని పంచాలని దానికి దారి చూపాడు. ఇంట్లో తల్లి చేసేది కూడా ఇదే. జ్వరంతో ఉన్న బిడ్డకు గంజి, పొలం నుంచి వచ్చినవాడికి ముద్ద అన్నం. ఇద్దరికీ ఒకటే పెడితే సమానత్వమనిపించుకోదు, తెలివితక్కువతనమవుతుంది. ఆ లెక్కన ప్రత్యేక పాఠశాల న్యాయమే. ఎనిమిదేళ్ల వయసు వరకు రాతి ధూళిలో కూర్చున్న బిడ్డను తీసుకెళ్లి నేరుగా మూడో తరగతిలో పడేస్తే, వాడు వారం తిరక్కుండా పారిపోతాడు.

కానీ జ్వరం తగ్గాక కూడా గంజే పోస్తూ, ఒక మూల చాప వేసి, నీ చోటు అదే అంటే? అప్పుడు తల్లి ప్రేమ పేరుతో వెలి మొదలైనట్లే. కనుక ప్రత్యేకమైన బడికి ఒక పరీక్ష ఉంది. అది నిండుతూ ఉండడమే దాని గొప్ప అనుకోకూడదు. దానిలోంచి పిల్లలు బయటికి వెళ్లి అందరిలో కలుస్తున్నారా అన్నది చూడాలి. వంతెన ఏరు దాటడానికి కడతాం. వంతెన మీద కాపురం పెట్టం.

ఈ సంగతిని శ్రీసభ చరిత్ర కూడా చెబుతుంది. 1597లో రోము నగరంలో త్రస్తెవెరె పేటలో, సాంత దొరొతెయ గుడిని ఆనుకుని పునీత జోసఫ్ కలసాంజ్ ఒక చిన్న ఉచిత పాఠశాల పెట్టాడు. ఐరోపాలో పేదపిల్లలకు ఫీజు లేకుండా అందరికీ తెరిచిన తొలి బడుల్లో అదొకటి. మొదట్లో అక్కడ చేరాలంటే పేదవాడినని విచారణ గురువు దగ్గర చీటీ తెచ్చుకోవాలి. తర్వాత ఆ చీటీ నియమం పోయింది, ఉన్నవారి పిల్లలూ అదే బల్లల మీదకు వచ్చారు. పేదలకోసం పెట్టిన బడి పేదలతో పాటు అందరిదీ అయింది. ఈ క్రమాన్ని గుర్తుపెట్టుకోండి. పేదవాడు ముందు లోపలికి వచ్చాడు, తర్వాత ఉన్నవాడు వచ్చి అతని పక్కన కూర్చున్నాడు.

వంతెన దాటి ఎక్కడికి?

ఇప్పుడు అసలు చిక్కు. ప్రత్యేక పాఠశాల వంతెన అయితే, ఆ వంతెన దాటిన పిల్లవాడు ఏ గట్టు మీద కాలు పెడతాడు?

ప్రభుత్వ పాఠశాలలో అని జవాబు. చాలా మంచిది. కానీ ఆ బడిలో ఇప్పుడు ఎవరున్నారు? అర్ధవీడు, కంభం, గిద్దలూరు పక్క పల్లెల్లో తెల్లవారగానే రోడ్డు మీద నిలబడి చూడండి. కాస్త ఆధారం ఉన్న ఇళ్ల పిల్లలను ఎక్కించుకుని స్కూలు బస్సులు పట్టణం వైపు వెళతాయి. ఊరి బడికి నడిచి వెళ్లేది చాలావరకు ఆ బస్సు ఫీజు కట్టలేని ఇళ్ల పిల్లలే. వాన మొహం చాటేసిన ఏడు ఆ ఇళ్లలో కొన్ని గుంటూరు మిరప చేలకో, హైదరాబాదు కట్టడం పనులకో వలసపోతాయి. అప్పుడు బడిలో ఆ గడి కూడా ఖాళీ అవుతుంది. నల్లమల గూడెం నుంచి వచ్చే చెంచు పిల్లవాడి సంగతి సరేసరి, ఆశ్రమ పాఠశాలలో అతని పక్కన కూర్చునేది చాలావరకు మరో చెంచు పిల్లవాడే.

పలకల షెడ్డులో ఉన్న పిల్లవాడు ప్రత్యేక పాఠశాలలో పేదల మధ్య కూర్చున్నాడు. అక్కడి నుంచి దాటి, మళ్లీ పేదల మధ్యనే కూర్చున్నాడు. ఊరివాళ్లు అప్పటికే ఆ గట్టు ఖాళీ చేసి వెళ్లిపోయారు.

ఇందులో దుర్మార్గుడు ఎవరూ లేరన్నదే విచిత్రం. ఏ తండ్రీ పేదపిల్లలకు కీడు చేద్దామని తన బిడ్డను బస్సెక్కించలేదు. ఊరి బడిలో పంతుళ్లు చాలినంతమంది లేరు, ఇంగ్లీషు రాదు, బిడ్డ భవిష్యత్తు పాడవుతుంది అనుకున్నాడు. అతని స్థానంలో ఉంటే మనమూ అదే చేస్తాం. కానీ అడిగే నోరున్న తండ్రి ఒకడు వెళ్లిపోతే, బడికి పంతులు రాలేదని మండలాఫీసుకు వెళ్లి నిలదీసే గొంతు ఒకటి తగ్గుతుంది. గొంతులు తగ్గేకొద్దీ బడి క్షీణిస్తుంది. బడి క్షీణించేకొద్దీ ఇంకొకరు వెళ్లిపోతారు. ఒక్కొక్కరు చేసింది సబబుగానే ఉంది, అందరూ కలిసి చేసింది అన్యాయమైంది. నీతిశాస్త్రంలో ఇది కష్టమైన సమస్య. పాపసంకీర్తనానికి వచ్చినవాడు తాను చేసిన తప్పు చెప్పుకుంటాడు గానీ, ఊరంతా కలిసి చేసిన తప్పులో తన వాటా ఎంతని చెప్పుకుంటాడు?

1964 నుంచి 66 దాకా పనిచేసిన కొఠారి విద్యా కమిషను ఈ ప్రమాదాన్ని ముందే చూసింది. ఉన్నవారి పిల్లలు ఒక రకం బడిలో, లేనివారి పిల్లలు ఇంకో రకం బడిలో చదివితే, కలపవలసిన చదువే మనుషులను విడదీస్తుందని హెచ్చరించింది. పేటలోని పిల్లలందరూ ఆ పేట బడిలోనే కలిసి చదివే ఉమ్మడి పాఠశాల విధానం కావాలంది. ఆ సలహా పుస్తకంలోనే మిగిలింది.

కలిసి చదవకపోతే పోయేదేముంది, ఎవరి చదువు వారు చదువుకుంటారు కదా అనవచ్చు. పేదవాడికి పోయేది తెలుస్తూనే ఉంది. ఉన్నవాడి బిడ్డకు కూడా నష్టమే. తనలాంటి వారి మధ్యనే పదేళ్లు పెరిగిన పిల్లవాడికి లోకమంటే తనలాంటి వారేననిపిస్తుంది. రేపు అతను డాక్టరో తహసిల్దారో అయ్యాక, బల్లకు అవతల నిలబడిన కూలి మనిషి భాష అతనికి అర్థం కాదు. అతనిలో చెడ్డతనం లేదు. ఆ మనిషి కొడుకుతో ఎన్నడూ ఒక బల్ల మీద కూర్చోలేదు, అంతే. నీ పొరుగువానిని ప్రేమించు అని జ్ఞానోపదేశంలో నేర్పిస్తాం. పొరుగున ఒకే రకం వాళ్లను ఉంచి ఆ ఆజ్ఞ నేర్పితే అది నోటిపాఠంగానే మిగిలిపోతుంది.

చట్టం వదిలేసిన చోట

2009లో విద్యాహక్కు చట్టం చేశారు. 2010 ఏప్రిల్ 1 నుంచి అది అమలులోకి వచ్చింది. అందులోని 12వ విభాగం ప్రకారం ప్రైవేటు పాఠశాల తన మొదటి తరగతి సీట్లలో కనీసం 25 శాతం పేదపిల్లలకు, వెనుకబడిన వర్గాల పిల్లలకు ఉచితంగా ఇవ్వాలి. మన రాష్ట్రంలో ఇది నిజంగా కదిలింది 2022-23 నుంచి. ఆ 25లో అనాథలు, వికలాంగులు, హెచ్ఐవీ బాధిత పిల్లలకు 5, ఎస్సీలకు 10, ఎస్టీలకు 4, బీసీ, మైనారిటీ, ఓసీ వర్గాల్లోని పేదలకు 6 శాతం అని పంచారు. చట్టం ఉద్దేశం ఫీజు మాఫీ ఒక్కటే కాదు. ఒకే బల్ల మీద అందరూ కూర్చోవాలన్నది.

ఈ చట్టాన్ని సవాలు చేస్తూ వేసిన కేసులో 2012 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చట్టాన్ని నిలబెట్టింది గానీ, ప్రభుత్వ సాయం పొందని మైనారిటీ పాఠశాలలకు మినహాయింపు ఇచ్చింది. 2014 మే నెలలో ప్రమతి కేసులో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, సాయం పొందేవైనా పొందనివైనా మైనారిటీ పాఠశాలలన్నింటికీ చట్టం వర్తించదంది. 2025 సెప్టెంబరులో ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ తీర్పుపై సందేహం వెలిబుచ్చి, పెద్ద ధర్మాసనం మళ్లీ చూడాలని కోరింది.

రాజ్యాంగం 30వ అధికరణం మనకిచ్చిన హక్కు విలువైనది, దాన్ని కాపాడుకోవలసిందే. మన పాఠశాలల నిర్వహణలో ప్రభుత్వం చేయి పెట్టకూడదనడం న్యాయమే. అయితే హక్కు ఎందుకిచ్చారో మరిచిపోకూడదు. సంఖ్యలో తక్కువవారిని, బలం లేనివారిని కాపాడడానికి ఇచ్చిన కంచె అది. ఆ కంచెను మనకంటే బలహీనుడైన బిడ్డ లోపలికి రాకుండా వాడుకుంటే, దాన్ని తలకిందులు చేసినట్లే. న్యాయస్థానం ‘నిన్ను బలవంతం చేయను’ అన్నదే గానీ, ‘నీవు చేయనక్కరలేదు’ అని మనస్సాక్షికి సర్టిఫికెట్టు ఇవ్వలేదు. చట్టం చెప్పినందుకు చేసే మంచి కంటే, చట్టం వదిలేసిన చోట చేసే మంచిలోనే మనిషి విలువ తెలుస్తుంది.

2021లో జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషను ఒక నివేదిక వెలువరించింది. దేశంలోని మైనారిటీ పాఠశాలల్లో సామాజికంగా, ఆర్థికంగా వెనుకబడిన ఇళ్ల నుంచి వచ్చిన విద్యార్థులు 9 శాతం లోపేనని అందులో రాశారు. ఆ లెక్క తీసిన పద్ధతిని తప్పుపట్టేవారు ఉండవచ్చు. మన మఠకన్యలు, గురువులు మారుమూల నడుపుతున్న తెలుగు మీడియం బడులు, వసతి గృహాలు అందులో కనిపించవని అనవచ్చు. అది నిజం కూడా. కానీ ఆ మాట నిరూపించడానికి మన దగ్గర మన లెక్క ఏది?

ఇది బయటివారు మనకు పెట్టిన పరీక్ష మాత్రమే కాదు. వాటికన్ మహాసభ 1965 అక్టోబరు 28న విద్యను గురించి చేసిన ప్రకటనలో, లోకసంపద లేని పేదలను, కుటుంబ ఆదరణ లేనివారిని ప్రత్యేకంగా చూసుకోవాలని కోరింది. 1977లో కతోలిక విద్యామండలి వెలువరించిన ‘కతోలిక పాఠశాల’ అనే పత్రం ఇంకా సూటిగా మాట్లాడింది. మన బడులు ఉన్నవారివైపే మొగ్గితే, అన్యాయమైన సమాజంలో వారి పైస్థానాన్ని మనమే గట్టిపరిచినట్లవుతుందని హెచ్చరించింది. ఇక పునీత యాకోబు గారి లేఖ రెండో అధ్యాయం తెరవండి. బంగారు ఉంగరం పెట్టుకున్నవాడికి మంచి పీట వేసి, మాసిన బట్టల పేదవాడిని అక్కడ నిలబడమనే సంఘాన్ని ఆయన ఎలా మందలించాడో చూడండి. రెండువేల ఏళ్ల కింద ఆ ప్రశ్న గుడిలో పీటల గురించి వచ్చింది. ఈనాడు బడిలో బల్లల గురించి వస్తోంది.

కొన్ని అభ్యంతరాలు నిజాయితీ గలవే, వాటిని తోసివేయకూడదు. ఫీజులు లేకపోతే పంతుళ్లకు జీతాలెక్కడివి అంటారు. నిజమే. పేదబిడ్డకు చోటిచ్చి పంతులు జీతం కోస్తే, ఒక న్యాయంకోసం మరో న్యాయాన్ని బలిపెట్టినట్లే. అందుకే ఈ భారం బడి ఒక్కదానిది కాకూడదు, విచారణ అంతటిదీ కావాలి. ప్రమాణాలు పడిపోతాయి అంటారు. ఇంట్లో చెప్పేవారున్న పిల్లవాడికి చదువు చెప్పడం తేలిక, చెప్పేవారు లేని పిల్లవాడికి నేర్పడంలోనే ఉపాధ్యాయుడి ప్రమాణం తెలుస్తుంది. పేదబిడ్డ ఉన్నవారి మధ్య చిన్నబోతాడు అంటారు. ఇది బరువైన మాట. పుట్టినరోజుకు చాక్లెట్లు పంచలేని బిడ్డ, విహారయాత్రకు డబ్బు తేలేని బిడ్డ పడే బాధ చిన్నది కాదు. కానీ దానికి మందు బిడ్డను బయట ఉంచడమా, బడి నడవడిని మార్చడమా? కొన్నిచోట్ల ఒకే ప్రాంగణంలో ఫీజు కట్టేవారికి ఒక బడి, కట్టలేనివారికి ఒక బడి, ఇద్దరికీ వేరువేరు గేట్లు ఉంటాయి. ఆ రెండు గేట్ల మధ్య నిలిపిన మరియతల్లి స్వరూపం ఎవరివైపు చూస్తోందని ఒక పసివాడు అడిగితే మనమేం చెబుతాం?

మనం చేయగలిగింది

ఇటలీలో ఫ్లోరెన్సు నగరానికి ఎగువన కొండల్లో బార్బియాన అనే చిన్న విచారణ ఉంది. 1954 డిసెంబరులో దొన్ లొరెంజో మిలాని అనే గురువును అక్కడికి పంపారు. ఆయన కొండ మీది రైతుబిడ్డలను, మామూలు బడిలో తప్పి మానేసినవారిని కూడగట్టి గుడి పక్కనే బడి పెట్టాడు. 1967లో ఆ బడిలోని ఎనిమిది మంది కుర్రవాళ్లు కలిసి ‘ఒక పంతులమ్మకు ఉత్తరం’ అనే పుస్తకం రాశారు. కోపం ఉన్న పుస్తకమే, కానీ ఉత్త కోపం కాదు. ఏ తరగతిలో ఎందరు తప్పారు, తప్పినవారి తండ్రులు ఏ పని చేసేవారు అని లెక్కలు కట్టి చూపారు. తప్పినవారిలో ఎక్కువమంది రైతు, కూలి ఇళ్ల పిల్లలని అంకెలే చెప్పాయి. ఆ లెక్కలకు ఇటలీ భౌతికశాస్త్ర సంఘం బహుమతి కూడా ఇచ్చింది. ఆ ఏడాది జూన్‌లోనే మిలాని కన్నుమూశాడు. బ్రతికినన్నాళ్లు పైవారి అనుమానాలే చవిచూసిన ఆ గురువు సమాధి దగ్గరకు 2017 జూన్‌లో ఫ్రాన్సిస్ పాపుగారు స్వయంగా వెళ్లి ప్రార్థించారు.

బార్బియాన పిల్లలు చేసిన పని మనమూ చేయవచ్చు. అందుకు పెద్ద చదువులు అక్కరలేదు. మన ప్రతి పాఠశాల ఏడాదికొకసారి ఒక కాగితం మీద నాలుగు ముక్కలు రాసుకోవాలి. ఈ ఏడు మొదటి తరగతిలో చేరిన పిల్లల తల్లిదండ్రులు ఏ పని చేస్తారు? పదేళ్ల కింద చేరినవారిలో పదో తరగతి దాకా మిగిలినవారు ఎవరు, మధ్యలో మానినవారు ఎవరి పిల్లలు? ఫీజు రాయితీ ఎందరికి ఇచ్చాం? చేరడానికి వచ్చి తిరిగిపోయినవారు ఎందరు? పేర్లు అక్కరలేదు, ఏ ఇంటి గుట్టూ బయటపడకూడదు. అంకెలు చాలు. ఆ కాగితాన్ని విచారణ సంఘం ముందు పెట్టి, అందరూ కలిసి చదవాలి. మార్కుల ఫ్లెక్సీ రోడ్డు మీద కడతాం కదా, ఈ కాగితాన్ని కనీసం మన గదిలో మనం చదువుకోలేమా?

కుటుంబాలు చేయగలిగిందీ ఉంది. ఫీజు కట్టగలవారు తమ బిడ్డతోపాటు మరో బిడ్డ ఫీజులో కొంత గుట్టుగా కట్టవచ్చు, ఎవరికోసమో ఆ బిడ్డకు తెలియనక్కరలేదు. పుట్టినరోజు ఆర్భాటాలు బడిలో వద్దని తల్లిదండ్రులే ముందు చెప్పవచ్చు. ఊరి ప్రభుత్వ బడిలో మన పిల్లలు లేకపోయినా, పంతులు రాలేదని అడిగే గొంతుగా మనం మిగలవచ్చు. బాగా నడుస్తున్న ప్రభుత్వ బడి దగ్గరలో ఉంటే, బిడ్డను అక్కడే చేర్చే ధైర్యం కొందరైనా చేయవచ్చు. వలసపోయే ఇంటి బిడ్డను పరీక్షలదాకా తమ ఇంట ఉంచుకున్న కుటుంబాలు మన పల్లెల్లో ఉన్నాయి. వారి పేర్లు ఏ పత్రికలోనూ రావు, వారు కోరుకోరు కూడా.

ఇవన్నీ చిన్న పనులు. వీటితో దేశంలోని బడులన్నీ ఒక్కటైపోవు. కానీ బిడ్డను బడిలో చేర్చి ఇంటికి వచ్చిన రోజు సాయంత్రం, బల్ల మీద నీ పక్కన ఎవరు కూర్చున్నారురా అని అడగండి. వాడు ఒక పేరు చెబుతాడు. ఆ పిల్లవాడి నాన్న ఏం చేస్తాడని అడగబోయి, ఆ మాట మింగేసి, రేపు వాడిని మనింటికి అన్నానికి పిలుచుకురా అనండి.